పద్నాలుగో ప్రశ్న

ప్రశ్నలమ్మ గుమ్మంలోకి వచ్చిందంటే ఇక తప్పించుకోవడం మీ వల్ల కాదు. పనుందని తలుపు వేసేస్తే మెట్టు మీద కూర్చుంటుంది. బట్టలు ఆరేస్తున్నామంటే దుప్పటి రెండో కొస తను పట్టుకుని, దులుపుతూనే అడుగుతుంది. ఇంటాయన నిద్రపోతున్నాడని చెబితే రోజుకు ఎన్ని గంటలు నిద్రపోతాడని అడుగుతుంది. ఆ ఒక్క జవాబు కోసం పోయిన ఏడాది ఓ పరుపుల కంపెనీ ఆమెను మూడు వందల ఇళ్ళు తిప్పింది మరి.

ఇరవై రెండేళ్ళుగా ఆమె ఉద్యోగం ఇదే. సర్వే కంపెనీ ప్రశ్నల ఫారాలు ఇస్తుంది, ఆమె ఇల్లిల్లూ తిరిగి జవాబులు నింపి తెస్తుంది. సబ్బులు, బూట్లు, బస్సులు, దోమలు, ఇదని అదని లేదు. మెడలో కంపెనీ గుర్తింపు కార్డు, భుజాన జిప్పు పాడైపోయిన సంచీ, సంచీలో గట్టి అట్ట, దానికి క్లిప్పు పెట్టి బిగించిన ఫారాలు, రెండు పెన్నులు. ఎదుటి మనిషి మాట పూర్తి చేసేదాకా పెన్ను కాగితానికి ఆనించదు. ముందే ఆనిస్తే వాళ్ళు పెన్ను వంక చూసి జవాబు మార్చేస్తారని ఆమె నమ్మకం. ఫారం చేతిలో ఉన్నంతసేపూ ఎంత చిన్నవాళ్ళనైనా ‘మీరు’ అనే అంటుంది. అడిగేవాళ్ళు తగ్గి మాట్లాడితేనే చెప్పేవాళ్ళు నిజం చెబుతారంటుంది.

కంపెనీ ప్రశ్నలు అయిపోయాక ఆమె సొంత ప్రశ్నలు మొదలవుతాయి. వాటికి ఫారం లేదు, జీతమూ లేదు. బూటు ఎప్పుడూ ఎడమ కాలికే ముందు ఎందుకు తొడుక్కుంటారని ఒక పెద్దాయన్ని అడిగితే, పాపం ఆయన ఆ తర్వాత నాలుగు రోజులు ఏ కాలు ముందు పెట్టాలో తోచక గుమ్మం దగ్గర నిలబడిపోయాడట. మంచి మనిషే గానీ ఆరా తీసే పిచ్చి ఒకటి పట్టుకుంది. నన్నడిగితే ఆ పిచ్చి లోకంలో అందరికీ కాస్తో కూస్తో ఉంటే బాగుండును.

అలాంటి మనిషి చేతికి పాటల సర్వే వచ్చింది.

ఆఫీసులో సూపర్‌వైజరు ఫారాల కట్ట బల్ల మీద పెట్టాడు. కుర్రతనం ఇంకా పోని ముఖం, చొక్కా జేబులో నాలుగు పెన్నులు. ఆమెను ‘మేడమ్’ అంటాడు, ఆమె అతన్ని ‘సార్’ అంటుంది, అతని వయసు ఆమె ఉద్యోగం వయసు కంటే నాలుగైదేళ్ళే ఎక్కువ అయినా సరే.

“ఇది ముప్పై దేశాల్లో ఒకేసారి జరుగుతోంది మేడమ్. పాటల కంపెనీల సంఘం చేయిస్తోంది. అన్నిచోట్లా ఇవే ప్రశ్నలు. ఒక్క మాట కూడా మార్చకూడదు. మీకు నూట నలభై ఇళ్ళు.”

“దేని గురించి సార్?”

“డబ్బివ్వకుండా పాటలు తెచ్చుకునేవాళ్ళ గురించి. ఒక దేశంలో పదిమందిలో ఏడుగురు అలా తెచ్చుకుంటారట. సరిహద్దు దాటి పక్క దేశంలోకి వెళ్తే పదిమందిలో ఒక్కరేనట.”

“ఎందుకట?”

“అదే తెలీదు. తెలిస్తే మనకెందుకు పనిస్తారు?” అని సూపర్‌వైజరు నవ్వాడు.

అంతే, ఆ ‘ఎందుకట’ ఆమె తలలో దూరింది. బస్సులో అదే ఆలోచన, కూరగాయలు తరుగుతుంటే అదే ఆలోచన. ఏడుగురున్న దేశంలో జనం చెడ్డవాళ్ళా? లేదంటే బీదవాళ్ళా? బీదవాళ్ళే దొంగలైతే బీదవాళ్ళ వాడల్లో తలుపులు బార్లా తెరిచి ఎలా ఉంటున్నట్టు? పోలీసులంటే భయం లేదేమో. ఆ ఏడుగురినీ ఒక్కసారి చూసి రావాలని ఆమెకు ఎంత కోరిక పుట్టిందో చెప్పలేను. తలుపు కొట్టి, మెట్టు మీద కూర్చుని, ఎందుకమ్మా అని అడగాలి.

ఇంట్లో ఆయన పాడైన మోటార్లకు రాగి తీగ చుట్టే పని చేస్తాడు. ఆయన్నీ అడిగింది.

“చలిదేశాలై ఉంటాయి” అన్నాడాయన తీగ మీంచి చూపు తిప్పకుండా. “ఆ ఒక్కడే ఉన్న దేశం బాగా చలిగా ఉండుంటుంది. జనం ఇల్లు కదలరు. ఇల్లు కదలకపోతే దొంగతనం ఎలా చేస్తారు?”

“పాటలు ఎత్తుకురావాలంటే ఇంట్లో కూర్చునే చేస్తారండీ. కంప్యూటర్లో.”

“అయితే వేడిదేశమై ఉంటుంది” అన్నాడాయన, చీమ కుట్టినట్టయినా లేకుండా.

మర్నాటి నుంచి ఆమె వార్డు తిరగడం మొదలుపెట్టింది. పదమూడు ప్రశ్నలు మామూలువే. పాటలు వింటారా, దేనిమీద వింటారు, రోజుకు ఎంతసేపు. పద్నాలుగో దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆమె గొంతు కాస్త తగ్గించేది. ‘గత మూడు నెలల్లో మీరు డబ్బు చెల్లించకుండా పాటలు తెచ్చుకున్నారా?’ ఎవరినైనా దొంగా అని అడిగినట్టే కదా అని ఆమెకు మొహమాటంగా ఉండేది.

జనానికి మాత్రం ఏ మొహమాటమూ లేదు. “ఛ, ఊరికే ఎందుకు తెచ్చుకుంటామండీ?” అంది నాలుగో నంబరు ఇంట్లో కుట్టుపనావిడ, దారం పళ్ళతో తెంపుతూ. “డబ్బిచ్చే తెచ్చుకుంటాం” అన్నాడు సరుకుల బండి నడిపే ఆయన. బడిలో లెక్కలు చెప్పే మాస్టారైతే నొచ్చుకున్నాడు కూడా. “నన్ను చూస్తే మీకు అలాంటివాడిలా కనిపిస్తున్నానా?” అని కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. ఇస్త్రీ చేసేవాళ్ళు, కాంపౌండరు, రిటైరైన గుమాస్తా, కాలేజీ పిల్లలు, ఒకరి తర్వాత ఒకరు లేదన్నవాళ్ళే. పన్నెండు రోజుల్లో నూట నలభై ఇళ్ళు అయ్యాయి, నూట నలభై ‘లేదు’లు వచ్చాయి.

ఆమె పొంగిపోయింది. ముప్పై దేశాల్లో తన వార్డు లాంటిది ఇంకోటి ఉంటుందా? కట్టంతా తీసుకెళ్ళి ఆఫీసులో ఇచ్చి, ఆ సాయంత్రం ఇంట్లో ఆయనకు రెండోసారి టీ కూడా పెట్టి ఇచ్చింది.

నాలుగో రోజున సూపర్‌వైజరు పిలిపించాడు. కుర్చీ చూపించాడు గానీ తను మాత్రం కూర్చోలేదు.

“పైనుంచి ఫారాలు వెనక్కి వచ్చాయి మేడమ్.”

“చేతిరాత అర్థం కాలేదా సార్?”

“రాత బాగానే ఉంది. జవాబులే...” అతను కిటికీ వైపు చూశాడు. “ఏ దేశంలోనూ, ఏ ఊళ్ళోనూ సున్నా రాలేదట. ఎంత మంచి దేశంలోనైనా వందమందిలో పదిమందైనా ఉంటారట. ఇవి వండేసిన ఫారాలని అంటున్నారు.”

వండేసిన ఫారాలంటే, ఇళ్ళకు వెళ్ళకుండా ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని నింపేసిన ఫారాలు. ఆ వృత్తిలో అంతకు మించిన తిట్టు లేదు. వానకు గొడుగు విరిగినా ఒక్క ఇల్లూ మానలేదు ఆమె. కుక్క కరిచిన కాలుతో దోమల సర్వే పూర్తి చేసింది. ఒకసారి ఒక తాతగారు జవాబులు చెబుతూ చెబుతూ కునుకు తీస్తే, మిగతా మూడు ప్రశ్నల కోసం మర్నాడు మళ్ళీ వెళ్ళింది. అలాంటి మనిషిని పట్టుకుని ఆ మాట అన్నారు. ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముఖం పక్కకు తిప్పుకుంది.

“మీరేమనుకుంటున్నారు సార్?”

“నేను అనుకోవడం కాదు మేడమ్. శుక్రవారం దాకా టైమిచ్చారు. ఎందుకు సున్నా వచ్చిందో కారణం చూపించాలి. చూపించలేకపోతే కార్డు వెనక్కి తీసుకోమన్నారు. వండిందని రాసి తీసేస్తే ఇక ఏ సర్వే కంపెనీ వాళ్ళూ పనివ్వరు. ఆ సంగతి మీకు తెలుసు.”

ఆమెకు తెలుసు. అప్పటికి సోమవారం.

మంగళవారం పొద్దున్నే కుట్టుపనావిడ మెట్టు మీద కూర్చుంది. ఈసారి సంచీలోంచి ఫారం తీయలేదు. మిషన్ మీద చిన్న ఫోను పెట్టి ఉంది, దాంట్లోంచి పాట వస్తోంది, పాట వేగానికి కుట్టుపనావిడ కాలు ఆడుతోంది.

“ఒక్క సంగతి చెప్పమ్మా. ఈ పాటకు డబ్బిచ్చానన్నావు కదా. ఎవరికిచ్చావు?”

కుట్టుపనావిడ మిషన్ ఆపి ఆమెను వింతగా చూసింది. “అదేం ప్రశ్న అక్కా? మీ తమ్ముడికే ఇచ్చాను. ఫోను కార్డులో పాటలు నింపినందుకు ఎప్పుడూ ఇచ్చేదే కదా.”

“మా వాడికా?”

“వార్డు మొత్తం ఆయన దగ్గరే కదా నింపించుకునేది. నువ్వేమో కొత్తగా అడుగుతావు.”

“మరి ఈ పాట ఎవరిది?”

“ఎవరిదేంటి, మీ తమ్ముడిదే. కుట్టుమిషన్ పాటలు. ఆయన పాటలు ఎంత బాగుంటాయో తెలుసా? పది జాకెట్లు కుట్టినా అలసట తెలీదు.”

ప్రశ్నలమ్మ అక్కణ్ణుంచి లేచింది. సరుకుల బండాయన ఇంటికి పోతే అక్కడా అదే మాట. మాస్టారైతే, “మీ తమ్ముడు నిజాయితీపరుడండీ, పాట సరిగా రాకపోతే మళ్ళీ ఊరికే ఎక్కిస్తాడు” అని మెచ్చుకున్నాడు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. ప్రతి ఒక్కరూ డబ్బిచ్చారు, పాట పుచ్చుకున్నారు. ఆ పాట ఎక్కడో ఎవరో పాడి ఉంటారని, ఆ మనిషికి ఏమైనా ముట్టిందా అని వాళ్ళకు తట్టనే లేదు.

అసలు ఆమెకు మాత్రం తట్టిందా? తమ్ముడిది ఎక్కించే పని, పనికి కూలి పుచ్చుకుంటాడు అనే అనుకుంటూ వచ్చింది. తోడబుట్టినవాడు కాబట్టి ఆ కూలి కూడా ఇవ్వకుండా తన ఫోను నింపించుకుంటోంది. ఆ వార్డు మొత్తం గాలించినా డబ్బు చెల్లించకుండా పాటలు తెచ్చుకున్న మనిషి ఒక్కరే దొరుకుతారు, ఆ మనిషి చేతిలో గట్టి అట్ట, రెండు పెన్నులు ఉంటాయి. నవ్వొచ్చే సంగతే గానీ ఆమెకు నవ్వు రాలేదు.

తమ్ముడి షాపు మేడ మెట్ల కింద ఉంది. నిలబడితే తల తగులుతుంది కాబట్టి ఎప్పుడూ కూర్చునే ఉంటాడు. ఒక కంప్యూటరు, గోళ్ళంత మెమరీ కార్డులున్న డబ్బా, చెవులకు పెద్ద హెడ్‌ఫోన్సు. పాటలంటే చెవి కోసుకుంటాడు. వినకుండా ఒక్క పాట కూడా ఎవరి కార్డులోనూ వేయడు. పద్దెనిమిదేళ్ళ నుంచి వార్డు అతన్ని పాటలాయన అంటోంది, కట్టుకున్నావిడతో సహా.

“రా అక్కా, కూర్చో. తల జాగ్రత్త” అన్నాడు హెడ్‌ఫోన్సు తీసి.

ఆమె కంప్యూటరు తెర వైపు చూసింది. ఇన్నేళ్ళుగా వస్తూ పోతూ ఉన్నా ఎప్పుడూ పట్టించుకోలేదు. వరసగా ఫోల్డర్లు. కుట్టుమిషన్. బండివాళ్ళు. ఇస్త్రీ. పసిపిల్లల నిద్ర. పరీక్షలు. అలిగినప్పుడు.

“ఇదేంట్రా, అలిగినప్పుడు?”

“మొగుడూ పెళ్ళాలు మాట్లాడుకోనప్పుడు అడుగుతారక్కా. మొదటి పాటే బతిమాలేది పెట్టకూడదు. ముందు రెండు కోపం పాటలు పడాలి.” చాలా గంభీరంగా చెప్పాడు. “కుట్టుమిషన్ పాటల కోసమైతే ఆవిడ ఇంటికెళ్ళి అరపూట కూర్చున్నాను, కాలు ఎంత వేగంగా ఆడుతుందో చూడ్డానికి.”

“పాడినవాళ్ళ పేర్లేవీ?”

“చిన్న ఫోన్లలో పన్నెండు అక్షరాలే కనిపిస్తాయి. పాటలో మొదటి మాట పెడితేనే నిండిపోతుంది, ఇంక పేరు ఎక్కడ పెట్టను? అందుకే మొదట్లోనే అన్నీ తీసేశాను.”

“నీకైనా తెలుసా?”

తమ్ముడు ఆమె వంక చూసి, మౌసు పట్టుకుని కళ్ళు మూసుకుని ఏదో ఒక పాట నొక్కాడు. రెండు క్షణాలు విని ఆపేశాడు. “ఈవిడ పదేళ్ళు వేరేవాళ్ళ వెనక నిలబడి పాడింది. సొంతంగా పాడింది ఈ ఒక్కటే. వెనక వయొలిన్ వాళ్ళాయనది. రెండో చరణంలో ఒకచోట ఆయన కావాలని ఆలస్యం చేస్తాడు, ఆవిడ ఊపిరి తీసుకోవాలని.” ఇంకోటి నొక్కాడు. దానికీ చెప్పాడు, పాడినాయన, రాసినాయన, డోలు వాయించినాయన. ఇంకోటికీ అంతే. ఒక్క పేరుకూ తడుముకోలేదు.

“ఇవన్నీ ఎవరికైనా చెప్పావా?”

“ఎవరడిగారక్కా?” అన్నాడు, తప్పు చేశానన్న తలంపు ఏ కోశానా లేకుండా.

ఆమెకు చెప్పాలనే ఉంది. సరిగ్గా అప్పుడే ఎవరో వచ్చి పరీక్షల పాటలు కావాలన్నారు. “పేపరు ముందు వినేవా, పేపరు తర్వాత వినేవా?” అని తమ్ముడు అడుగుతుంటే ఆమె తల వంచుకుని బయటికి వచ్చేసింది.

ఇంటికి నడుస్తూ లెక్క తేల్చుకుంది. శుక్రవారం కారణం చూపించాలి. కారణం ఇప్పుడు తెలుసు. అది ఫారంలో రాస్తే నేరుగా పాటల కంపెనీల బల్ల మీదికి వెళ్తుంది, షాపు చిరునామాతో సహా. రెండేళ్ళ క్రితం పక్క ఊళ్ళో ఇలాంటి షాపులు నాలుగు ఒక్క పూటలో మూయించారు. కంప్యూటర్లు వ్యానులో వేసుకుపోయారు. ఆ షాపులవాళ్ళలో ఒకతను ఇప్పుడు గోదాములో మూటలు మోస్తున్నాడు. ఆ మెట్ల కింద చోటు తమ్ముడికి వెతికిపెట్టింది ఆమే. రాయకపోతే వండిందన్న మచ్చ ఆమె మీద పడుతుంది, కార్డు పోతుంది, ఇంకెవరి గుమ్మంలోనూ కూర్చునే హక్కు ఉండదు.

అంత దిగులులోనూ ఆ పాత ‘ఎందుకట’ ఆమెను వదల్లేదు సుమా. పదిమందిలో ఏడుగురున్న దేశంలో, మెట్ల కింద ఇలాంటి షాపు లేదేమో. ఎవరికి వాళ్ళే కంప్యూటర్లో దింపుకుంటే చేత్తో ఎవరికీ డబ్బివ్వరు, కాబట్టి అడిగితే అవునంటారు. ఒక్కరే ఉన్నచోట నెలనెలా ఫోను బిల్లులోనే పాటల డబ్బు కోసేస్తారేమో, వద్దన్నా చెల్లిస్తారు. మంచీ చెడూ మనుషుల్లో ఎంత ఉందో, డబ్బు పోయే దారిలో ఎంత ఉందో. ఆ ముప్పై దేశాల్లోనూ ఎవరో ఒకావిడ ఇదే ప్రశ్న పట్టుకుని తిరిగి ఉంటుంది. వాళ్ళకు ఎవరెవరు తగిలారో, వాళ్ళేం రాశారో తెలుసుకోవాలని ఆమెకు ప్రాణం కొట్టుకుపోయింది.

“తెలీదని రాసెయ్” అన్నాడు ఇంట్లో ఆయన, సంగతంతా విని.

“తెలిశాక తెలీదని ఎలా రాస్తానండీ?”

ఆయన మళ్ళీ తీగ చుట్టడంలో పడ్డాడు. కానీ కడుపులో మాట దాచుకోలేని మనిషి. గురువారం మధ్యాహ్నం మోటారు ఇచ్చిరావడానికని బయల్దేరి, తిన్నగా బావమరిది షాపులో తేలాడు.

శుక్రవారం పొద్దున్న ఆమె సంచీ సర్దుకుంటుంటే తమ్ముడు గుమ్మంలోకి వచ్చాడు. ఆ వేళప్పుడు షాపు వదిలి రావడం పద్దెనిమిదేళ్ళలో ఎప్పుడూ లేదు. కూర్చోమన్నా వినకుండా నిలబడే ఉన్నాడు.

“నాకూ ఒక ఫారం నింపు అక్కా.”

“చుట్టాలను అడగకూడదురా. రూలు అది.”

“వార్డంతా తిరిగావు. నన్నొక్కణ్ణి వదిలేశావు. నేనూ వార్డులోనే ఉంటున్నాను కదా?”

“ఒరే, ఇది ఎక్కడికి వెళ్తుందో నీకు తెలీదు.”

“బావ చెప్పాడు. అన్నీ చెప్పాడు. నింపు.”

ఆమె సంచీలోంచి అట్ట తీసింది, ఫారం బిగించింది, కుర్చీలో నిటారుగా కూర్చుంది. తమ్ముడు ఎదురుగా కూర్చున్నాడు. నడక నేర్పిన తమ్ముడు, ముక్కు తుడిచిన తమ్ముడు. ఆమె గొంతు సవరించుకుంది.

“మీ ఇంట్లో ఎంతమంది ఉంటారండీ?”

అతను కళ్ళు ఎత్తి చూశాడు. “నలుగురం” అన్నాడు.

“మీరేం చేస్తుంటారు?”

“పాటలు ఎక్కిస్తుంటాను.”

పదమూడు ప్రశ్నలూ అలాగే వరసగా అయ్యాయి. ఒక్కటీ దాటవేయలేదు ఆమె. లోపల గదిలో రాగి తీగ చుట్టే చప్పుడు ఆగిపోయింది.

“గత మూడు నెలల్లో మీరు డబ్బు చెల్లించకుండా పాటలు తెచ్చుకున్నారా?”

“అవును.”

“ఎన్ని?”

“అన్నీ.”

“కారణం చెప్పగలరా?” ఆమె ఫారంలో ఉన్న కారణాలు చదివింది. ధర ఎక్కువ, దొరకవు, ఎలా కొనాలో తెలియదు, ఇతరములు.

“మొదట్లో ఇక్కడ అమ్మేవాళ్ళే లేరు. తర్వాత అలవాటైపోయింది. నేను పాటను జాగ్రత్తగా చూసుకుంటున్నాను కదా, అది చాలనుకున్నాను.” రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. “ఇంకోటి కూడా రాయండి. ఆ నూట నలభై మందీ అబద్ధం చెప్పలేదు. వాళ్ళు డబ్బిచ్చారు. అది నా దగ్గర ఆగిపోయింది.”

ఆమె ‘ఇతరములు’ కింద ఆ మాటలన్నీ ఉన్నవి ఉన్నట్టు రాసింది. రాస్తున్నంతసేపూ తల ఎత్తలేదు. ఎత్తితే ఏడుపు ఆగదని ఆమెకు తెలుసు.

ఆఫీసులో సూపర్‌వైజరు ఆ ఫారం నిలబడే చదివాడు, తర్వాత కూర్చుని మళ్ళీ చదివాడు. ‘నా దగ్గర ఆగిపోయింది’ అన్నచోట వేలు పెట్టి ఆగాడు.

“మెట్ల కింద షాపు కదా మేడమ్? నేనూ అక్కడే నింపించుకుంటాను.” ముఖం ఎర్రబడింది. “నన్ను అడిగినా లేదనే చెప్పేవాణ్ణి.”

“ఇప్పుడు నమ్ముతారా సార్, పైవాళ్ళు?”

“ఎందుకు నమ్మరు? ఈ ఒక్క కాగితం చాలు. మీ నూట నలభై ఫారాలూ నిలబడతాయి.” నిజంగానే సంతోషించాడు కుర్రవాడు. కాగితం తిప్పి చివర చూశాడు. “కింద సంతకం మర్చిపోయారు.”

“మర్చిపోలేదు సార్.”

ప్రతి ఫారం చివరా ఒక వాక్యం అచ్చు వేసి ఉంటుంది, దాని కింద సర్వే చేసినవాళ్ళు సంతకం పెట్టాలి. ఇరవై రెండేళ్ళలో వేల సార్లు ఆమె ఆ సంతకం చదవకుండానే పెట్టింది. సూపర్‌వైజరు ఆ వాక్యం చదివాడు, ఆమెను చూశాడు. అతనికి అర్థమైంది. తలుపు దగ్గరగా వేసి వచ్చి, తన జేబులోంచి పెన్ను తీసి ఆమె ముందు పెట్టాడు.

“నేనేమీ అడగను మేడమ్. పైవాళ్ళకు మీ ఇంటి సంగతులు తెలీవు. సంతకం పెట్టండి, అయిపోతుంది. పెట్టకపోతే ఈ ఫారం చెల్లదు. ఇది చెల్లకపోతే మిగతావన్నీ వండినవే అవుతాయి. ఆ ముద్ర మీ మీద పడటం నేను చూడలేను.”

ఆమె పెన్ను చేతిలోకి తీసుకుంది. కాగితం మీద పెట్టకుండా చాలాసేపు పట్టుకుంది. తర్వాత పెన్ను తిరిగి అతని జేబులో పెట్టింది, మెడలో కార్డు తీసి బల్ల మీద పెట్టింది, ఫారం నాలుగు మడతలు పెట్టి తన సంచీలో వేసుకుంది.

“వస్తాను సార్. మీ మంచితనం మర్చిపోను” అంది.

అక్కణ్ణుంచి తిన్నగా మెట్ల కిందికి వెళ్ళింది. తమ్ముడు షాపు తీశాడు గానీ కంప్యూటరు ఆన్ చేయలేదు. వైర్లన్నీ విప్పి చుట్టలు చుట్టి పెట్టుకున్నాడు, వ్యాను వస్తే ఇచ్చేయడానికి. ఆమె మెడ వైపు చూసి లేవబోయాడు, తల మెట్టుకు తగిలింది.

“కార్డేదక్కా?”

“ఇచ్చేశాను.”

“నా ఫారం ఇవ్వలేదా?”

ఆమె సంచీలోంచి మడతలు తీసి అతని చేతిలో పెట్టింది. అతను విప్పి పైనుంచి కిందిదాకా చూశాడు. తన మాటలన్నీ ఉన్నాయి, ఒక్కటీ పోలేదు.

“సంతకం ఎందుకు పెట్టలేదు? ఒక్క సంతకమే కదా అక్కా. ఇరవై రెండేళ్ళ ఉద్యోగం, దొంగ ఫారాలు రాసిందని తీసేస్తారు నిన్ను. అదొక్కటి పెట్టుంటే నీ పేరు నిలబడేది కదా.”

“కిందేం రాసుందో చదువు.”

అతను కాగితం వెలుతురుకు పట్టుకుని చదివాడు. ‘జవాబులు చెప్పిన ఈ వ్యక్తి నాకు ఏమీ కారు.’